ఉద్యోగం మీ ఒక్కరికే, ఊరు మాత్రం ఇంటిల్లిపాదికీ

పోయిన నెల ఒక టీచరమ్మకి జవాబు రాస్తూ, చంటిపిల్లల్ని వెంటేసుకుని కూడా వేరే దేశంలో పల్లెటూరి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లొచ్చు, మేం వెళ్లాం, నాలుగేళ్లు ఉన్నాం అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అదేంటి అలా మధ్యలో ఆపేశారు అంటూ ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. నేను వీసా లాయర్ని కాదు, డాక్టర్ని అంతకన్నా కాదు, సైన్స్ టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. రూల్స్ మారుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కడైనా సంతకం పెట్టే ముందు ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: అక్కా, నేను లెక్కల టీచర్ని, ఆరేళ్ల అనుభవం ఉంది. విదేశంలో ఒక పల్లెటూరి స్కూల్ నుంచి రెండేళ్ల కాంట్రాక్ట్ వచ్చింది. బాబుకి నాలుగేళ్లు, పాపకి పది నెలలు. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం, మానేసి రావాలి. అడిగితే "నీ ఇష్టం, నువ్వెలా అంటే అలా" అంటున్నారు. ఇరవై రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. ఏం చూసి నిర్ణయించుకోవాలి?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మీ ఆయన అన్న ఆ "నీ ఇష్టం" దగ్గరే ఆగిపోయాను తల్లీ. మా ఆయన కూడా అచ్చం ఇదే మాట అన్నారు, నేనేమో అది ఒప్పుకోవడమే అని లెక్కేసుకుని టికెట్లు బుక్ చేసేశా.

వెళ్లాక నాకేం, పొద్దున ఏడున్నరకల్లా బడి, గేటు దాటగానే పిల్లలు మూగేవాళ్లు, తోటి టీచర్లు టీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు, భాష రాకపోయినా ఏదో ఒకటి మాట్లాడే పని ఉండేది, నాలుగు వారాల్లో ఆ ఊరు నాకు సొంతూరైపోయింది. ఆయనకేమో అదే ఊళ్లో ఎనిమిది నెలల పాప భుజం మీద, మూడేళ్ల వాడు కాళ్లకి చుట్టుకుని, తలుపు తీస్తే కొండ, వేస్తే గోడ. మూడో నెలలో ఒకరోజు తలనొప్పిగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చేశా. స్టవ్ మీద పాలు పొంగి ఆరిపోయి గిన్నె చుట్టూ అట్టకట్టి ఉన్నాయి, పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు, ఆయన కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్నారు. ఏంటలా ఉన్నారు అంటే, "నువ్వు కాకుండా ఇంకో పెద్దవాళ్లతో మాట్లాడి తొమ్మిది రోజులైంది, లెక్కపెట్టుకుంటున్నా" అన్నారు, కోపంగా కూడా కాదు, మామూలుగానే. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే.

అప్పుడు తెలిసింది నాకు, ఉద్యోగం వచ్చింది నా ఒక్కదానికే కానీ ఊరు మాత్రం అందరికీ వచ్చిందని. అందరూ బడి ఎలా ఉంటుంది, జీతం ఎంత, క్లాసులో ఎంతమంది అని అడుగుతారు, అవి అడగాల్సిందే, కానీ కుటుంబంతో వెళ్లినవాళ్లు మధ్యలో తిరిగొచ్చేశారంటే నేను చూసినంతలో ఎక్కువసార్లు బడి బాగోలేక కాదు, ఇంట్లో ఉండే మనిషికి రోజు గడవకే.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ఆ బడిలో నీకంటే ముందు పనిచేసిన టీచర్ నంబర్ స్కూల్‌నే అడుగు, ఇవ్వకపోతే ఎందుకివ్వట్లేదో అడుగు, ఇచ్చాక ఆ టీచర్‌తో పావుగంట మాట్లాడి వాళ్ల ఇంటాయనకో ఇంటావిడకో ఫోన్ ఇవ్వమని గంటసేపు మాట్లాడు, వీలైతే మీ ఆయన్నే మాట్లాడించు. ఇల్లు ఎవరిస్తారు, బడికి నడిచి వెళ్లొచ్చా, నీళ్లు ఇంట్లోకి వస్తాయా మోసుకోవాలా, కరెంటు రోజుకి ఎన్ని గంటలు, చలికాలంలో ఇల్లు ఎలా వెచ్చబెడతారు, దానికి ఖర్చు ఎవరిది, డాక్టర్ ఎంత దూరం, రాత్రిపూట ఆ దూరం ఎలా వెళ్తారు, ఇంటర్నెట్‌లో వీడియో కాల్ ఆగకుండా వస్తుందా, కారు లేకుండా కూరగాయలు తెచ్చుకోగలమా, మన లైసెన్స్ అక్కడ ఎన్నాళ్లు చెల్లుతుంది. మా కాంట్రాక్ట్‌లో "అన్ని సౌకర్యాలతో ఇల్లు" అని రాసి ఉంది, వెళ్లి చూస్తే కుళాయి ఉంది కానీ అందులో నీళ్లు రావు, వీధి చివర పంపు నుంచి మోసుకోవాలి, అదీ చలికాలంలో పది దాటితే గానీ గడ్డకట్టిన పంపు కరగదు. చంటిపిల్ల బట్టలు ఉతకాల్సిన ఇంట్లో ఇది చిన్న విషయం కాదమ్మా. అందుకే సౌకర్యాలు అనే మాటకి ఒప్పుకోకు, నీళ్లు, హీటర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించుకో, ఫోటోలు కాకుండా వీడియో కాల్‌లో కుళాయి తిప్పి చూపించమను, సిగ్గుపడకు.

ఇక మీ ఆయన్ని కూర్చోబెట్టి, అక్కడ ఒక మంగళవారం ఆయనకి పొద్దున్నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో గంట గంటకీ కాగితం మీద రాయమను. రాయగలిగితే వెళ్లండి. పది గంటల తర్వాత ఖాళీ వదిలేస్తే ఆ ఖాళీ నింపే దారేంటో ఇక్కడుండగానే వెతకండి. మా ఆయన విషయంలో దారి అనుకోకుండా దొరికింది, బడి జనరేటర్ పాడైతే బాగుచేయడానికి వెళ్లి, అట్నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు పెద్ద క్లాసుల వాళ్లకి వైరింగ్ నేర్పడం మొదలుపెట్టారు, ఆ రెండు గంటలూ పక్కింటి ముసలావిడ పాపని చూసుకునేది. డబ్బులేం రాలేదు, మనిషి మాత్రం తిరిగొచ్చారు.

ప్రశ్న: మేడమ్, మా ఆవిడ టీచర్, నేను అకౌంట్స్‌లో పని చేస్తా. తను వెళ్తే నేను డిపెండెంట్‌గా వెళ్లాలి. నాకు అక్కడ పని చేసుకునే హక్కు ఉంటుందా? ఒక్క జీతంతో నలుగురం బతకగలమా?

జవాబు: దేశాన్ని బట్టి, వీసాని బట్టి జవాబు మొత్తం మారిపోతుంది తమ్ముడూ, "ఫారిన్" అని ఒకే గాటన కట్టేయకండి.

అమెరికాలో పల్లెటూరి జిల్లాల వాళ్లు బయటి దేశాల టీచర్లని ఎక్కువగా తీసుకునేది జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద. టీచర్‌కి డిగ్రీతో పాటు కనీసం 2 ఏళ్ల అనుభవం అడుగుతారు, మొదట 3 ఏళ్ల దాకా ఇస్తారు, ఆపైన ఇంకో 2 ఏళ్ల వరకు పొడిగించొచ్చు, అక్కడితో సరి. మీకు, పిల్లలకి జే-2 వస్తుంది. జే-2 మీద మీరు పని చేయొచ్చు కానీ దిగగానే కాదు, వర్క్ పర్మిట్‌కి విడిగా అప్లై చేసుకుని అది చేతికొచ్చాకే, దానికి నెలలు పట్టొచ్చు. ఇంకో సంగతి, మీ సంపాదన ఆవిడ ఖర్చులకి ఆధారం అని చూపించకూడదు, ఆవిడ జీతంతోనే ఇల్లు గడుస్తుందని ముందే తేలాలి.

ఇంగ్లండ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద టీచర్‌గా వెళ్తే భాగస్వామి దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు, అది మంచిదే, కానీ వెళ్లకముందే పెద్ద దెబ్బ ఒకటుంది, అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి కట్టే హెల్త్ సర్‌చార్జ్. 2024 ఫిబ్రవరిలో పెంచాక పెద్దవాళ్లకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 లోపు పిల్లలకి 776 పౌండ్లు అయింది, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి కట్టాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్లు అంటే 10,866 పౌండ్లు, ఇంకా వీసా ఫీజు, టికెట్లు ఏవీ కలపలేదు. మొదటి జీతం రాకముందే ఇది జేబులోంచి పోతుంది కాబట్టి స్కూల్ ఎంత భరిస్తుందో అడగండి, చాలామంది ఇది అడగడం మర్చిపోతారు.

ఆస్ట్రేలియాలో 491 అనే రీజినల్ వీసా ఉంది, 5 ఏళ్లది, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా బయట ప్రాంతాల్లోనే ఇంటిల్లిపాదీ ఉండాలి, చదవాలి, పని చేయాలి, మూడేళ్లు అలా ఉన్నాక పర్మనెంట్ వీసాకి అప్లై చేసుకోవచ్చు. ఇందులో భాగస్వామికి మొదటి రోజునుంచే పని చేసే హక్కు ఉంటుంది. పల్లెల్లో ఉండాలనే మీ ఆలోచనకి ఇది సరిపోతుంది, కానీ అప్పటికప్పుడు దొరికేది కాదు, మీ అర్హతలకి ఇచ్చే పాయింట్లు, అక్కడినుంచి రావాల్సిన సిఫారసు లాంటి నామినేషన్ అని ఓపిక పట్టాలి.

హక్కు ఉండటం వేరు, పని దొరకడం వేరు. మూడొందల మంది ఉండే ఊళ్లో అకౌంటెంట్ ఉద్యోగం ఎక్కడుంటుంది చెప్పండి. ఇప్పుడున్న కంపెనీ పని ఇంటర్నెట్ మీద చేసుకుంటా అంటారేమో, ఆ వీసా దానికి ఒప్పుకుంటుందా, పన్ను ఏ దేశంలో కట్టాలి అన్నది ముందే తేల్చుకోండి. నా మాటకొస్తే, ఒక్క జీతంతోనే లెక్క వేసుకోండి, రెండోది వస్తే వచ్చినట్టు. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా మాత్రం పిల్లలతో బయల్దేరొద్దు.

ప్రశ్న: ఒక ఏజెంట్ నా సర్టిఫికెట్లు అడిగాడు, జీతంలో కొంత శాతం రెండేళ్లపాటు ఇవ్వాలంటున్నాడు, "రిజిస్ట్రేషన్ అంతా మేం చూసుకుంటాం" అంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: వద్దు, వద్దు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, పాస్‌పోర్ట్ అసలే ఇవ్వొద్దు.

ఇది ఎంత దూరం పోతుందో చెప్పడానికి జరిగిన సంగతి ఒకటి చెప్తా. 2007 నుంచి ఫిలిప్పీన్స్‌కి చెందిన 350 మంది దాకా టీచర్లు అమెరికాలోని లూసియానాకి వెళ్లారు, రిక్రూటర్‌కి వేల డాలర్లు కట్టి, ఆపైన జీతంలో వాటా కూడా ఇస్తామని సంతకాలు పెట్టి. వాళ్లు కోర్టుకెక్కారు, 2012 డిసెంబర్‌లో జ్యూరీ వాళ్లకి 45 లక్షల డాలర్లు ఇప్పించమని తీర్పిచ్చింది. గెలిచారు, నిజమే, కానీ ఆ ఐదేళ్లు ఆ అమ్మలూ నాన్నలూ ఎలా పడ్డారో ఆలోచించండి. కామన్వెల్త్ దేశాలు 2004లో టీచర్ల రిక్రూట్‌మెంట్ మీద ఒక ప్రోటోకాల్ రాసుకున్నాయి, కొత్త టీచర్‌కి పని, జీతం, షరతులు అన్నీ ముందే పూర్తిగా చెప్పాలనేది అందులో ఉంది. చట్టం కాదది, అయినా ఆ పేరెత్తి అడిగితే మంచి రిక్రూటర్ జవాబిస్తాడు, చెడ్డవాడు చికాకు పడతాడు, మీకు కావాల్సింది కూడా ఆ తేడా తెలియడమే.

రిజిస్ట్రేషన్, అంటే అక్కడ టీచర్‌గా పనిచేయడానికి ఇచ్చే లైసెన్స్, మీ పేరు మీద మీరే చేసుకునేది. ఆస్ట్రేలియాకైతే వీసా కోసం మీ అర్హతల్ని ఎయిట్సిల్ అనే సంస్థ అసెస్‌మెంట్ చేస్తుంది, నాలుగేళ్ల పైచదువు, అందులో టీచర్ ట్రైనింగ్, కనీసం 45 రోజుల ప్రాక్టీస్ టీచింగ్ చూపించాలి, ఆ చదువు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, కెనడాల్లో కాకుండా ఇంకెక్కడ చదివినా అకడమిక్ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో చదవడం, రాయడం 7, వినడం, మాట్లాడటం 8 రావాలి. ఆ 8 దగ్గర మంచి టీచర్లే రెండు మూడుసార్లు ఆగిపోతారు, కాబట్టి అది ముందు రాసేయండి. కెనడాలో దేశం మొత్తానికీ ఒక లైసెన్స్ ఉండదు, ఏ ప్రావిన్స్‌కి ఆ ప్రావిన్సే. స్కాట్లాండ్‌కి ఇంగ్లండ్ అర్హత ఒక్కటే చాలదు, అక్కడ వేరే కౌన్సిల్ ఉంది. జపాన్‌లో 1987 నుంచి జెట్ అనే ప్రోగ్రామ్ నడుస్తోంది, మారుమూల ఊళ్లకి కూడా పంపుతారు, కానీ అందులో మీరు అసిస్టెంట్, క్లాస్ మీది కాదు, ఊరు ఏది అన్నది కూడా వాళ్లిష్టం. క్లాసంతా తన చేతిలో ఉండటం అలవాటైన టీచర్‌కి ఇది ముందే తెలిస్తే మంచిది.

సర్టిఫికెట్ల మీద అపోస్టిల్ సంగతి, అంటే వాటి మీది సంతకం, స్టాంపు అసలైనవేనని మన ప్రభుత్వం వేసే ముద్ర. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలైతే ఆ ఒక్క ముద్రతో పనైపోతుంది, కెనడా కూడా 2024 జనవరిలో చేరింది కాబట్టి పాతవాళ్లు చెప్పే ఎంబసీ చుట్టూ తిరుగుడు ఇప్పుడు దానికి లేదు. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా ఇందులోనే చేయించేయండి, మళ్లీ వాటికోసం పరిగెత్తక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు. భాష రాని బడిలో వేస్తే చదువులో వెనకబడిపోతాడేమో అని మా అమ్మ ఒకటే గొడవ. పెద్దమ్మాయికి పన్నెండు.

జవాబు: ఐదేళ్ల వాడి గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి, పన్నెండేళ్ల పిల్ల గురించి మాత్రం ఆవిడ భయం నాకూ ఉంది.

మా వాడు బడిలో అడుగుపెట్టిన రోజునుంచి ఐదు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మనతో వాగుడు కాయే, బడి గేటు దగ్గర నోటికి తాళం. టీచరేమో కంగారు పడొద్దు అనేది, నేనేమో రాత్రుళ్లు నిద్రపోయేదాన్ని కాదు. ఆ తర్వాత ఒక సాయంత్రం పక్కింటి కోడిపిల్లల్ని గూట్లోకి తోలుతూ వాళ్ల భాషలో ఒకటి నుంచి పదకొండు దాకా లెక్కపెట్టాడు, అదీ ఆ ఊరి యాసలోనే, నేను గోడ ఇవతల నీళ్ల బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయా. కొత్త భాషలో పడ్డ పిల్లలకి ఇలా మౌనంగా ఉండే కాలం ఒకటుంటుంది, వింటూ ఉంటారు, మనం "ఏదీ ఒకసారి చెప్పు" అని వేధించకుండా ఉంటే చాలు.

జిమ్ కమిన్స్ అనే ఆయన కెనడాలో వలస వచ్చిన పిల్లల మీద పనిచేసి 1979లోనే ఒక తేడా చెప్పాడు. ఆటపాటల్లో, అన్నం దగ్గర వాడే భాష సుమారు 2 ఏళ్లలో వచ్చేస్తుంది, కానీ పాఠ్యపుస్తకం చదివి అర్థం చేసుకుని రాయగలిగే భాషకి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది. ఐదేళ్ల వాడికి ఆ టైముంది. పన్నెండేళ్ల పిల్ల గలగలా మాట్లాడేస్తుంటే మనం బాగానే ఉందనుకుంటాం, సైన్స్ పరీక్షలో మాత్రం ప్రశ్నే అర్థం కాక కూర్చుంటుంది, దానికి తెలివి లేదని ఆ బడి అనుకుంటుంది, ఆ వయసులో అది మనసుకి బాగా తగులుతుంది. అందుకే పెద్దపిల్లకి తెలిసిన భాషలో చదువు ఉన్న దేశమే చూడండి, లేకపోతే ఆన్‌లైన్ స్కూల్ ముందే ఖాయం చేసుకోండి. దూరం నుంచి చదువుకోవడం కొత్తేం కాదు, ఆస్ట్రేలియాలో ఎడారి మధ్య పశువుల ఫార్ముల్లో ఉండే పిల్లల కోసం 1951లోనే ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియో మీద బడి నడిపారు, ఫ్లయింగ్ డాక్టర్ల రేడియోనే వాడుకుని. కాకపోతే ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవాలి, అది మళ్లీ ఇంట్లో ఉండే మనిషి రోజులో నాలుగు గంటలు.

ఇంటి భాష వదలొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. వాడికి ఆ భాష త్వరగా రావాలని మీరూ ఇంట్లో వచ్చీరాని ఆ భాషే మాట్లాడితే వాడికి రెండూ కుంటుతాయి.

ప్రశ్న: పిల్లలకి జబ్బు చేస్తే? ఆ ఒక్క భయంతోనే ఆగిపోయాం.

జవాబు: ఆ భయం ఉండాల్సిందే, దాన్ని పోగొట్టను, పనికొచ్చేలా చేసుకుందాం.

బయల్దేరడానికి కనీసం రెండు మూడు నెలల ముందు పిల్లల డాక్టర్‌కి దేశం పేరు, ఊరి ఎత్తు, ఏ నెలలో వెళ్తున్నారు అన్నీ చెప్పి కూర్చోండి. తట్టు టీకా మామూలుగా 9 నెలలకో ఏడాదికో వేస్తారు, విదేశం వెళ్లే పిల్లలకి 6 నెలలు దాటితే ముందుగా ఒక డోస్ వేసే పద్ధతి ఉంది, అడగండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కొన్ని దేశాలకి ఎల్లో ఫీవర్ టీకా కావాలి, అది 9 నెలల లోపు పిల్లలకి మామూలుగా వేయరు, అంత చిన్న బిడ్డకి పాలిస్తున్న తల్లి వేయించుకోవాలన్నా డాక్టర్ ఆలోచించి చెప్తారు, పైగా వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. చంటిబిడ్డ ఉంటే ఒక్క దీనికోసమే ప్రయాణం వాయిదా వేయాల్సి రావొచ్చు. మలేరియా ఉన్న చోటైతే ఇంకా గట్టిగా ఆలోచించండి, ఆఫ్రికాలో మలేరియాతో పోయేవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది 5 ఏళ్ల లోపు పిల్లలే. మందు పెట్టిన దోమతెర, పిల్లల బరువుకి సరిపడే ముందుజాగ్రత్త మాత్రలు, జ్వరం వస్తే ఆ రోజే పరీక్ష, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరదన్నా ఐదేళ్ల లోపు పిల్లలతో ఆ ఊరు వద్దని నేనంటాను. నన్ను పిరికిదాన్నని అనుకున్నా పర్లేదు.

ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్, థర్మామీటర్ రెండు పెట్టుకోండి. రెండు ఎందుకంటే మాకు ఒకటే ఉండేది. పాపకి ఏడాదిన్నర వయసులో ఒక రాత్రి ఒళ్లు కాలిపోతుంటే తీసి చూస్తే బ్యాటరీ అయిపోయింది, ఎంత జ్వరమో తెలీదు, ఆస్పత్రి నలభై కిలోమీటర్లు, బయట మంచు. మా హెడ్‌మాస్టర్ గారింటికి పరిగెత్తితే ఆయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా జీపు తీశారు, దారంతా తడిగుడ్డతో దాని కాళ్లూ చేతులూ తుడుస్తూ కూర్చున్నా. చెవిలో ఇన్ఫెక్షన్, మూడు రోజుల్లో తగ్గిపోయింది. మర్నాడు మేం చేసిన మొదటి పని, రాత్రి పన్నెండుకి ఎవరి తలుపు కొట్టాలి, ఆయన లేకపోతే ఇంకెవరు అని ముగ్గురి పేర్లు రాసి తలుపు వెనక అంటించడం. మీరు ఆ కాగితం మొదటి వారంలోనే అంటించుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఆస్పత్రి ఖర్చుతో పాటు అక్కడినుంచి పెద్దాస్పత్రికి తరలించే ఖర్చు కూడా ఉండాలి. అమెరికా జే-1 వాళ్లకి, వెంట వచ్చే కుటుంబానికి కూడా రూల్ ప్రకారం ఒక్కో జబ్బుకి కనీసం 1,00,000 డాలర్లు, తరలింపుకి 50,000 డాలర్ల కవరేజీ ఉండి తీరాలి. మిగతా దేశాలకి అలాంటి రూల్ లేకపోయినా మీకు మీరే అలా పెట్టుకోండి.

ప్రశ్న: నేను వెళ్లబోయే బడిలో ఒకే గదిలో మూడు క్లాసులట. ఎప్పుడూ చెప్పలేదు, భయంగా ఉంది.

జవాబు: పల్లె బళ్లలో ఇది ఏ దేశంలోనైనా మామూలే. మూడు క్లాసులకి మూడు పాఠాలు తయారు చేసుకుని పరిగెడితే మూడో వారానికి గొంతు పోతుంది, నాకు పోయింది. కొలంబియాలో 1970ల మధ్యలో వికీ కోల్బర్ట్ అనే ఆవిడ, ఇంకొందరితో కలిసి సరిగ్గా ఇలాంటి పల్లె బళ్ల కోసమే ఎస్క్యూలా న్యువా అనే పద్ధతి మొదలుపెట్టారు. పిల్లలు చిన్న గుంపులుగా కూర్చుని వాళ్ల గైడు పుస్తకం వాళ్లే చదువుకుంటూ వాళ్ల వేగంతో ముందుకెళ్తారు, టీచర్ గుంపు గుంపుకీ తిరుగుతుంది, ఒకడు కోతల కాలంలో పది రోజులు బడికి రాకపోయినా వచ్చి ఆపిన చోట నుంచే మొదలుపెడతాడు. 2017లో ఆవిడకి విద్యారంగంలో ఇచ్చే యీడాన్ ప్రైజ్ వచ్చింది. ఆ పద్ధతి మొత్తం మీ ఒక్కరివల్ల కాదు కానీ, ఒక పాఠాన్ని ముగ్గురూ కలిసి వినేలా మొదలుపెట్టి తర్వాత మూడు మెట్లలో పని ఇవ్వడం, పెద్ద క్లాసు వాడితో చిన్నవాడికి చెప్పించడం, ఈ రెండూ మొదటి వారం నుంచే చేయొచ్చు. వెళ్లకముందు మీ దగ్గర్లో ఏదైనా చిన్న బడిలో పది రోజులు కూర్చుని చూడండి, పుస్తకాలకన్నా అదే మేలు.

ప్రశ్న: రెండేళ్లు ఉండి వచ్చేస్తే ఆ పిల్లలకి ఏం ఒరుగుతుంది? మా సరదా కోసం వాళ్లని వాడుకున్నట్టు అవదా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం పెట్టాలనిపించింది. 2030 నాటికి ప్రపంచంలో ఇంకా 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు కావాలని యునెస్కో లెక్క, అందులో కోటీ 50 లక్షల మంది సహారా దిగువ ఆఫ్రికాకే. కాబట్టి మీ అవసరం లేని చోటికేం వెళ్లరు. కానీ విద్యాసంవత్సరం మధ్యలో వదిలేసి వస్తే మాత్రం నష్టమే, పల్లెబడిలో మీ ప్లేస్‌లోకి ఇంకొకరు రావడానికి ఏడాది పట్టొచ్చు. అందుకే కుటుంబం నిలబడుతుందో లేదో ముందు చూడమని ఇందాకట్నుంచీ గోల పెడుతున్నా, ఇంట్లో మనిషి నలిగిపోతే టీచర్ కూడా నిలవలేదు, ఆ శిక్ష క్లాసులో పిల్లలకి పడుతుంది. స్థానిక టీచర్ ఉద్యోగం పోయి ఆ ఖాళీలో మిమ్మల్ని పెడుతున్నారేమో కూడా కనుక్కోండి, అలాగైతే వెళ్లకండి. వెళ్లాక ఒక స్థానిక టీచర్‌తో జంటగా చెప్పండి, మీ వర్క్‌షీట్లు, ప్రయోగాల సామాను అన్నీ ఆ మనిషి చేతిలో పెట్టి రండి. నేను వచ్చేసి ఇన్నేళ్లైనా నా పక్కన చెప్పిన అమ్మాయే అక్కడ సైన్స్ చెప్తోంది, సీసాతో చేసిన మా ఊపిరితిత్తుల నమూనా బెలూన్ మార్చి ఇంకా వాడుతున్నానని పోయిన సంవత్సరం ఫోటో పంపింది.

ప్రశ్న: తిరిగొచ్చాక మళ్లీ ఇక్కడ ఉద్యోగం, పిల్లల అడ్మిషన్ ఎలా?

జవాబు: అక్కడినుంచి బయల్దేరే ముందు తెచ్చుకోవాల్సినవి చెప్తా. సర్వీస్ సర్టిఫికెట్‌లో ఏ తరగతులకి, ఏ సబ్జెక్ట్, వారానికి ఎన్ని పీరియడ్లు అన్నది రాయించి స్టాంపు వేయించండి, "ఇక్కడ పనిచేశారు" అని ఒక్క లైన్ ఇస్తే ఒప్పుకోకండి. పిల్లల మార్కుల కాగితాలు, టీసీ లాంటిది, టీకాల కార్డు, వీటికి అధికారిక అనువాదం అక్కడే చేయించుకోండి, ఇక్కడ ఆ భాష వచ్చిన అనువాదకుడు దొరకడం కష్టం, మాకు నాలుగు నెలలు పట్టింది, అప్పటిదాకా మా వాడు కింద క్లాసులో కూర్చున్నాడు. సెలవు పెట్టి వెళ్లే వీలు ఇప్పుడున్న బడిలో ఉందేమో వెళ్లేముందే రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, పక్కింటి వాళ్ల అడ్రస్ ఆ ఊరి లిపిలోనే రాయించుకుని తెచ్చుకోండి. మేం మన అక్షరాల్లో రాసుకొచ్చాం, పాపని చూసుకున్న ఆ ముసలావిడకి పంపిన మొదటి రెండు పార్సెళ్లూ తిరిగొచ్చేశాయి.